రానివ్వని నగరంలో పుట్టిన చప్పుడు: హౌస్ డీజే ఫ్రాంకీ నకుల్స్ ప్రస్థానం

ఐనవిల్లి, అంబాజీపేట, ముమ్మిడివరం వైపు ‘డీజే’ అంటే ముందు గుర్తొచ్చేది మనిషి కాదు, బండి. ట్రాక్టరు ట్రక్కు మీదో, వ్యాను మీదో పేర్చిన సౌండు బాక్సులు, జనరేటరు, రంగురంగుల లైట్లు. పెళ్ళికి డీజే పెట్టారా, తీర్థానికి డీజే వస్తోందా, ఏప్రిల్ 14న పేటలో డీజే ఉందా అని అడుగుతాం. ఆ బండిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏ పాట వెనక ఏ పాట వెయ్యాలో తేల్చే కుర్రాడి పేరు మాత్రం చాలామందికి తెలియదు.

ఆ బాక్సుల్లోంచి వచ్చే రీమిక్సుల్లో ఒక ఆగని యంత్రపు దరువు ఉంటుంది. దానికి మూలాలు చాలా ఉన్నాయి. ముఖ్యమైన మూలం ఒకటి అమెరికాలోని షికాగో నగరంలో ఉంది. 1970ల చివర్లో, 1980ల మొదట్లో అక్కడి నల్లజాతి, లాటినో యువకులు, అందులోనూ ఎక్కువగా స్వలింగ ప్రేమికులు, తమకోసం తాము తయారుచేసుకున్న సంగీతం అది. దాని పేరు ‘హౌస్’. దాన్ని ఒక రూపానికి తెచ్చిన డీజే ఫ్రాంకీ నకుల్స్. ప్రపంచం ఆయన్ని ‘గాడ్‌ఫాదర్ ఆఫ్ హౌస్’ అని పిలుస్తుంది.

దళిత ఉద్యమ పాఠకుడికి ఈ కథతో పనేమిటి? మన ఉద్యమం ఏ కళారూపం గురించైనా అడిగే మూడు ప్రశ్నలు ఈ కథ నిండా ఉన్నాయి. ఎవరిని లోపలికి రానివ్వలేదు? ఎవరి పేరు మిగిలింది? డబ్బు ఎవరికి చేరింది?

క్లుప్తంగా

పూర్తి పేరు: ఫ్రాన్సిస్ వారెన్ నికోల్స్ జూనియర్
పుట్టుక: 1955 జనవరి 18, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్
మరణం: 2014 మార్చి 31, షికాగో
పనిచేసిన ముఖ్యమైన క్లబ్బులు: వేర్‌హౌస్, పవర్ ప్లాంట్ (షికాగో)
ఆల్బమ్‌లు: ‘బియాండ్ ద మిక్స్’ (1991), ‘వెల్‌కమ్ టు ద రియల్ వరల్డ్’ (1995)
పురస్కారం: ఉత్తమ రీమిక్సర్‌గా గ్రామీ (1998). ఆ విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ ఇదే.

బ్రాంక్స్ కుర్రాడు

నకుల్స్ బ్రాంక్స్‌లో పెరిగారు. బట్టల డిజైను చదువుకున్నారు. ఆ రోజుల్లోనే లారీ లెవాన్ అనే మరో నల్లజాతి కుర్రాడితో స్నేహం కుదిరింది. ఇద్దరూ న్యూయార్క్‌లోని ‘గ్యాలరీ’ అనే క్లబ్బులో చిన్నచిన్న పనులతో మొదలుపెట్టారు. బెలూన్లు ఊదడం, హాలు అలంకరించడం, పార్టీకి ముందు ఏర్పాట్లు చూడడం. తర్వాత ‘కాంటినెంటల్ బాత్స్’ అనే చోట రికార్డులు వెయ్యడం మొదలైంది. కళ ఇలా పని చేస్తూ, పక్కవాడి చెయ్యి చూస్తూ అబ్బడం మన డప్పు కళాకారులకు కొత్త సంగతి కాదు.

అప్పటి న్యూయార్క్, షికాగోల్లో పేరున్న డాన్స్ క్లబ్బుల గుమ్మం దగ్గర నల్లవాళ్ళకు ఎదురయ్యే తంతు అందరికీ తెలిసిందే. తెల్లవాడిని ఒక్క గుర్తింపు కార్డూ అడగని చోట నల్లవాడిని రెండు మూడు అడిగేవారు. ‘ఇవాళ సభ్యులకే’ అనేవారు. నల్లవాడై, పైగా స్వలింగ ప్రేమికుడైతే తన సొంత వాడలో కూడా చోటు తక్కువే. అందుకే వాళ్ళకు సొంత హాళ్ళు అవసరమయ్యాయి.

షికాగోలో ఒక గోదాము

రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి నిర్వాహకుడు న్యూయార్క్ నుంచి షికాగో వెళ్ళి అక్కడ అలాంటి హాలు ఒకటి పెట్టాలనుకున్నాడు. డీజేగా ముందు లారీ లెవాన్‌ని అడిగాడు. లెవాన్ న్యూయార్క్ వదిలి రానన్నాడు. తర్వాత నకుల్స్‌ని అడిగాడు. ఆయన ఒప్పుకున్నారు. 1977లో షికాగో నగరంలో, 206 సౌత్ జెఫర్సన్ స్ట్రీట్‌లోని ఒక పాత పారిశ్రామిక భవనంలో ‘వేర్‌హౌస్’ మొదలైంది. పేరుకు తగ్గట్టే అది గోదాము లాంటి కట్టడం.

అక్కడ మద్యం అమ్మేవారు కాదు. జ్యూస్, నీళ్ళు. శనివారం రాత్రి మొదలైన పార్టీ ఆదివారం పగటి దాకా సాగేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో స్వలింగ ప్రేమికులు. నెమ్మదిగా వాళ్ళ స్నేహితులు, ఆడపిల్లలు, దక్షిణ షికాగో కుర్రాళ్ళు కూడా చేరారు. గుమ్మం దగ్గర ఎవరూ జాతి అడగని హాలు ఆ నగరంలో అరుదు. షికాగోలో ఏ వీధిలో నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకూడదో దస్తావేజుల్లోనే రాసుకున్న చరిత్ర ఉంది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని చెప్పింది. ఆ తర్వాత కూడా బ్యాంకులు, ఇళ్ళ దళారులు కలిసి వాడలను విడివిడిగానే ఉంచారు. ఊరు ఒకవైపు, పేట ఒకవైపు ఉండడం తెలిసినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

‘హౌస్’ అనే పేరు ఎక్కడిది? ఎక్కువమంది ఒప్పుకునే సమాధానం వేర్‌హౌస్ అన్న మాటలోని చివరి భాగమే అని. షికాగో రికార్డు షాపుల్లో ‘వేర్‌హౌస్‌లో వేసినవి’ అని రాసిపెట్టి ఆ రికార్డులు అమ్మేవారు. ఒక బారు అద్దం మీద ‘ఇక్కడ హౌస్ సంగీతం వేస్తాం’ అని ఉన్న బోర్డు చూసి ఇదేమిటని తాను అడిగితే, నువ్వు వేసేదేగా అని స్నేహితులు చెప్పారని నకుల్స్ తర్వాత గుర్తుచేసుకున్నారు. పేరు పెట్టింది కంపెనీ కాదు, పత్రిక కాదు. ఆడినవాళ్ళే పెట్టుకున్నారు.

రికార్డులు పేల్చిన రాత్రి

1979 జూలై 12న షికాగోలోని కమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో ఒక తతంగం జరిగింది. స్టీవ్ డాల్ అనే తెల్లజాతి రేడియో వ్యాఖ్యాత డిస్కో సంగీతం మీద ప్రచారం నడిపేవాడు. ఒక డిస్కో రికార్డు పట్టుకొస్తే 98 సెంట్లకే మ్యాచ్ టికెట్టు. ఆ రోజు రెండు మ్యాచ్‌లు. మధ్య విరామంలో ఆ రికార్డులన్నిటినీ ఒక పెట్టెలో వేసి మైదానం నడిమధ్య పేల్చేశారు. దాదాపు 50,000 మంది ఉన్న స్టేడియంలోంచి వేలమంది మైదానంలోకి దూకారు. పోలీసులు దిగాల్సి వచ్చింది. రెండో మ్యాచ్ జరగనే లేదు.

ఆ రోజు ఆ స్టేడియంలో టికెట్లు చూసి సీట్లు చూపించే పని చేస్తున్న ఒక నల్లజాతి కుర్రాడున్నాడు. పేరు విన్స్ లారెన్స్. సింథసైజర్ కొనుక్కోవడానికి ఆ ఉద్యోగం చేస్తూ డబ్బు దాచుకుంటున్నాడు. జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కో మాత్రమే లేదని, నల్లవాళ్ళు పాడిన సోల్, ఆర్ అండ్ బీ రికార్డులూ ఉన్నాయని అతను తర్వాత చాలాసార్లు చెప్పాడు. అంటే పేలింది ఒక సంగీత ధోరణి ఒక్కటే కాదు. ఆ ధోరణి వెనక ఎవరున్నారని జనం అనుకున్నారో వాళ్ళ మీద కోపం కూడా. దీన్ని సరదా అని నిర్వాహకులు ఇప్పటికీ సమర్థించుకుంటారు. ఎగతాళి కింద దాచిన ద్వేషాన్ని గుర్తుపట్టడం మనకు కష్టం కాదు.

ఐదేళ్ళ తర్వాత, 1984లో, ఆ విన్స్ లారెన్సే జెస్సీ సాండర్స్‌తో కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ అనే రికార్డు తెచ్చాడు. ముద్రించి షాపుల్లో అమ్మిన తొలి హౌస్ రికార్డుగా చాలామంది దాన్నే చెబుతారు.

పాత యంత్రాలు, కొత్త చప్పుడు

డిస్కో పడిపోయాక పెద్ద కంపెనీలు డాన్స్ రికార్డులు తగ్గించేశాయి. వేర్‌హౌస్‌లో ఆడే జనం మాత్రం తగ్గలేదు. కొత్త సరుకు లేదు, హాలు నిండా జనం. నకుల్స్ ఏం చేశారంటే, ఉన్న పాటల్నే టేపు మీదికి ఎక్కించి, ముక్కలు కోసి, అతికించి, జనానికి నచ్చిన దరువు భాగాన్ని పొడిగించారు. మూడు నిమిషాల పాట పది నిమిషాలు అయ్యేది. పాట ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్ళీ లేవాలో జనం కాళ్ళను బట్టి తేల్చేవారు.

తర్వాత యంత్రాలు వచ్చాయి. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ డ్రమ్ యంత్రాలు అప్పుడు అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. నిజం డ్రమ్ములా మోగడం లేదని సంగీతకారులు వాటిని వదిలించుకున్నారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికాయి. డబ్బున్నవాళ్ళు పారేసిన యంత్రాలను నల్లజాతి కుర్రాళ్ళు పడగ్గదుల్లోకి తెచ్చుకున్నారు. నకుల్స్ టీఆర్-909 అనే యంత్రాన్ని డెట్రాయిట్‌కు చెందిన డెరిక్ మే దగ్గర కొన్నారు. ఆ డెరిక్ మే తర్వాత టెక్నో సంగీతానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు.

హౌస్ దరువు వినడానికి సులువు. నాలుగు మాత్రల్లో ప్రతి మాత్ర మీదా బేస్ డ్రమ్ దెబ్బ పడుతుంది. మధ్యమధ్యలో తాళం లాంటి సన్నని చప్పుడు. నిమిషానికి దాదాపు 120 నుంచి 130 దెబ్బలు. దాని మీద చర్చి పాటల నుంచి వచ్చిన గొంతులు, పియానో. నల్లవాళ్ళ చర్చిలో ఆదివారం పుట్టే పూనకాన్ని శనివారం రాత్రికి తెచ్చిన సంగీతం ఇది అని హౌస్ అభిమానులు అంటుంటారు. కోనసీమ పేటల్లో క్రిస్మస్ రాత్రి పాటలు విన్నవాళ్ళకు ఆ పోలిక వెంటనే అందుతుంది.

ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1982లో బొంబాయి సినిమా సంగీత బృందాల్లో పనిచేసే చరణ్‌జీత్ సింగ్ ఇదే రోలాండ్ యంత్రాలతో హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద రికార్డు చేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్ళీ విడుదలయ్యాక, షికాగోలో పుట్టిన ‘యాసిడ్ హౌస్’ చప్పుడు అందులో ముందే ఉందని ప్రపంచం ఆశ్చర్యపోయింది. సింగ్ రికార్డు గురించి షికాగో కుర్రాళ్ళకు తెలియదు. ఒకే యంత్రం రెండు చోట్ల వేరువేరు చేతుల్లో పలికింది. అయితే షికాగోలో ఆ చప్పుడు వెనక ఒక హాలు, ఒక జనం ఉన్నారు. బొంబాయిలో ఆ రికార్డుకు ఆ రెండూ లేవు.

‘యువర్ లవ్’ ఎవరిది?

వేర్‌హౌస్ పేరు పెరిగాక వ్యాపారం కూడా పెరిగింది. ప్రవేశ రుసుము పెంచడం నచ్చక నకుల్స్ బయటికి వచ్చారు. 1983లో ‘పవర్ ప్లాంట్’ అనే సొంత క్లబ్బు తెరిచారు. విలియమ్స్ ‘మ్యూజిక్ బాక్స్’ అనే కొత్త హాలు పెట్టి రాన్ హార్డీ అనే డీజేని తెచ్చాడు. ఆ ఇద్దరి పోటీలో హౌస్ సంగీతం పదును తేలింది.

ఆ రోజుల్లోనే జేమీ ప్రిన్సిపుల్ అనే యువకుడు ఇంట్లో తయారుచేసిన ‘యువర్ లవ్’ పాట టేపు నకుల్స్ చేతికి వచ్చింది. ఆ టేపును ఆయన చాలాకాలం తన హాల్లో వేశారు. రికార్డుగా రాకముందే షికాగోలో ఆ పాట తెలియని హౌస్ అభిమాని లేడు. ఇద్దరూ కలిసి దానికి మెరుగులు దిద్దారు. 1987లో ట్రాక్స్ రికార్డ్స్ దాన్ని విడుదల చేసింది. రికార్డు మీద ఉన్న పేరు ఫ్రాంకీ నకుల్స్. పాట రాసి పాడిన జేమీ ప్రిన్సిపుల్‌కు దక్కాల్సిన గుర్తింపు కోసం చాలాకాలం వాదించుకోవాల్సి వచ్చింది.

ఈ సంగతిని మన వ్యాసాల్లో దాటేయడం తేలిక. నాయకుడి గొప్ప చెప్పేటప్పుడు పక్కవాడి పేరు జారిపోవడం మన ఉద్యమాల్లోనూ జరిగిందే. కానీ అన్యాయానికి గురైన సమూహంలో కూడా పేరున్నవాడి నీడలో పేరులేనివాడు పడిపోతాడని ఈ పాట చెబుతుంది. పేరుతో సరుకు అమ్ముడవుతుందని తెలిసిన కంపెనీకి ఆ తేడా లాభమే.

1991లో బ్రిటన్‌లో ‘యూ గాట్ ద లవ్’ అనే పాట పెద్ద హిట్టు అయింది. క్యాండీ స్టాటన్ గొంతు కింద వినిపించే వాద్యం ‘యువర్ లవ్’దే. అలా ఆ దరువు వినని ఐరోపా యువకుడు లేడు. దాన్ని ఎవరు చేశారో తెలిసినవాళ్ళు మాత్రం కొద్దిమంది.

కంపెనీ, కాగితం, కోర్టు

తొలి హౌస్ రికార్డుల్లో చాలా ముఖ్యమైనవి ట్రాక్స్ నుంచే వచ్చాయి. పాత ప్లాస్టిక్ కరిగించి పోసిన నాసిరకం రికార్డులని కూడా దానికి పేరు. రాయల్టీ అందలేదన్నది అక్కడ రికార్డు చేసిన కళాకారులు దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన ఆరోపణ. చాలామంది అప్పటికి ఇరవై ఏళ్ళు దాటని కుర్రాళ్ళు. చేతికి కొంత డబ్బు వచ్చింది, కాగితం మీద సంతకం పెట్టారు. కొందరికి కాగితమే లేదు.

2020లో లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ అనే ఇద్దరు హౌస్ ఆద్యులు ట్రాక్స్ మీద ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 2022లో రాజీ కుదిరింది. వాళ్ళ పాటల మీద హక్కులు వాళ్ళకు తిరిగి వచ్చాయి. పాటలు చేసి అప్పటికి 35 ఏళ్ళు దాటింది. అదే ఏడాది మార్షల్ జెఫర్సన్‌తో సహా పదిమందికి పైగా కళాకారులు అదే సంస్థ మీద మరో దావా వేశారు.

ఈ పోరాటంలో చప్పట్లు, సన్మానాలు అక్కరకు రాలేదు. పనికొచ్చింది పాట ఎప్పుడు ఎవరు చేశారన్న ఆధారం, ఒప్పందం కాగితం, వకీలు.

లండన్, న్యూయార్క్, గ్రామీ

హౌస్‌ని ముందు నెత్తిన పెట్టుకున్నది అమెరికా కాదు, బ్రిటన్. 1987 జనవరిలో స్టీవ్ ‘సిల్క్’ హర్లీ పాట ‘జాక్ యువర్ బాడీ’ అక్కడ మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ ఏడాదే నకుల్స్ లండన్‌లో కొన్ని నెలలు డీజేగా పనిచేశారు. సొంత దేశంలో పెద్దగా ఆదరణ దొరకని సంగీతం పరాయి దేశంలో పత్రికల మొదటి పేజీ ఎక్కింది. కొన్నేళ్ళకే లక్షలమంది తెల్లజాతి యువకులకు అది తమ సంగీతం అయిపోయింది.

తర్వాత నకుల్స్ న్యూయార్క్‌కు తిరిగి వెళ్ళి, డేవిడ్ మొరాలెస్, జూడీ వైన్‌స్టీన్‌లతో ‘డెఫ్ మిక్స్’ సంస్థలో పనిచేశారు. 1989లో జపాన్ కళాకారుడు సతోషి తొమియే, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్‌తో కలిసి ‘టియర్స్’ చేశారు. 1991లో ‘ద విజిల్ సాంగ్’ వచ్చింది. దాన్ని ఎరిక్ కప్పర్‌తో కలిసి చేశారు. మాటలు లేని ఆ పాటలో ఈల లాంటి ఒక్క చిన్న రాగం మళ్ళీమళ్ళీ వస్తుంది. అది అమెరికా డాన్స్ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. చాకా ఖాన్, సౌండ్స్ ఆఫ్ బ్లాక్‌నెస్, టోనీ బ్రాక్స్‌టన్ వంటి వాళ్ళ పాటలకు ఆయన చేసిన రీమిక్సులు మూలం పాటలంత పేరు తెచ్చుకున్నాయి.

1998లో గ్రామీ వాళ్ళు రీమిక్సర్లకు మొదటిసారి అవార్డు పెట్టినప్పుడు అది ఆయనకే వచ్చింది. వేర్‌హౌస్ తెరిచిన 21 ఏళ్ళకు.

ఆ మధ్యకాలంలో ఎంతమంది పోయారో కూడా చెప్పుకోవాలి. 1980లలో ఎయిడ్స్ ఆ హాళ్ళలో ఆడిన తరాన్ని తుడిచిపెట్టింది. ప్రభుత్వం చాలా ఆలస్యంగా కదిలింది. లారీ లెవాన్ 1992లో 38 ఏళ్ళకే చనిపోయాడు. నకుల్స్ మధుమేహంతో ఏళ్ళ తరబడి బాధపడ్డారు. ఒక పాదం తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా డీజేగా పనిచేస్తూనే 59వ ఏట చనిపోయారు.

వీధికి పేరు, జిల్లాకు పేరు

2004 ఆగస్టు 25న షికాగో నగరం పాత వేర్‌హౌస్ ఉన్న జెఫర్సన్ స్ట్రీట్ భాగానికి ‘ఫ్రాంకీ నకుల్స్ వే’ అని గౌరవ నామం పెట్టింది. అప్పట్లో ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న బరాక్ ఒబామా దానికి సాయపడ్డారు. ఒకప్పుడు నల్లవాళ్ళ రికార్డులు పేల్చి పండగ చేసుకున్న నగరం, పాతికేళ్ళకు ఒక నల్లజాతి స్వలింగ ప్రేమికుడి పేరును వీధి బోర్డు మీద రాసింది. 2023 జూన్‌లో ఆ భవనానికి నగర చారిత్రక కట్టడం హోదా వచ్చింది. ఇప్పుడు దాన్ని ఇష్టమొచ్చినట్టు కూల్చడానికి లేదు.

పేరు పెడితే ఏమొస్తుంది అని అడిగేవాళ్ళకు కోనసీమే సమాధానం. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనను ప్రభుత్వం ప్రకటించి అభ్యంతరాలు కోరింది. మే 24న అమలాపురంలో ఆ పేరుకు వ్యతిరేకంగా జరిగిన ఆందోళన హింసగా మారింది. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. బస్సులు తగలబెట్టారు. జూన్ 24న మంత్రివర్గం ఆ పేరుకు ఆమోదం తెలిపింది. ఐనవిల్లి ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఒక మండలం.

జాతి, కులం ఒకటి కావు. షికాగో, అమలాపురం ఒకటి కావు. అయినా ఈ రెండు పోరాటాలు ఒకదాన్నొకటి ఎప్పటినుంచో చూసుకుంటున్నాయి. జోతిబా ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవాళ్ళకు అంకితమిచ్చారు. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. ఆ వరసలో సంగీతం గురించి తక్కువ రాశాం.

ఇంకో మాట. నకుల్స్ కథ నుంచి నల్లజాతిని తీసుకుని స్వలింగ ప్రేమను వదిలేస్తే సగం కథే మిగులుతుంది. ఆయనకు చోటిచ్చింది ఆ రెండు వివక్షలూ తెలిసిన జనం. మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం కాదన్నది. తమిళనాడుకు చెందిన దళిత ట్రాన్స్ ఉద్యమకారిణి గ్రేస్ బాను లాంటివాళ్ళు కులాన్నీ, లింగ వివక్షనూ కలిపి చూడమని అడుగుతున్నారు. పేటలో పుట్టిన అలాంటి పిల్లలకు మన సభల్లో, మన హాళ్ళలో చోటుందా అన్నది మనం మనల్నే అడగాల్సిన ప్రశ్న.

డప్పు నుంచి బాక్సుల దాకా

మన దగ్గర దరువుకు కులం ఉంది. డప్పు చెయ్యడం, కాచడం, కొట్టడం మాదిగల చేతి విద్య. సిర్ర, సిటికెన పుల్ల పట్టిన ఆ చేతులు లేకుండా ఊళ్ళో చావు లేదు, చాటింపు లేదు, జాతర లేదు. అయినా ఆ విద్యను కళ అనలేదు, వెట్టి అన్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఆ చాటింపు పేరునే తన పేరుగా తీసుకుంది. ఊరి కోసం కొట్టిన దండోరాను హక్కుల కోసం కొట్టింది.

డీజే బండి వచ్చాక డప్పుకు పిలుపులు తగ్గాయి. ఇందులో నష్టం ఉంది, విడుదల కూడా ఉంది. పేట కుర్రాడు బాక్సులు అద్దెకిస్తే అది వ్యాపారం. ధర అతనే చెబుతాడు. రమ్మంటే రావడం, పొమ్మంటే పోవడం ఉండదు. అదే సమయంలో ఆ బండి మీద వేసే పాటలు చాలావరకు సినిమా కంపెనీలవి. రోడ్‌షో మిక్స్ చేసిన కుర్రాడి పేరు పాట మధ్యలో ఒక అరుపుగా వినిపిస్తుంది, అంతే. హక్కు పత్రాల్లో ఉండదు.

చట్టం చేతికి ఇచ్చినవి

ఊరేగింపు: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దళితుల పెళ్ళి ఊరేగింపును అడ్డుకోవడం, పెళ్ళికొడుకు గుర్రం ఎక్కకుండా ఆపడం, సామాజిక, సాంస్కృతిక ఊరేగింపుల్లో పాల్గొననివ్వకపోవడం సెక్షన్ 3(1)(za) కింద నేరాలు. వెట్టి చేయించడం సెక్షన్ 3(1)(h) కింద నేరం. డప్పు కొట్టనన్నవాడిని బెదిరించి కొట్టిస్తే ఈ సెక్షన్ గుర్తుంచుకోవాలి.

శబ్దం: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఈ నియమం గుడికీ, చర్చికీ, పేటకూ, ఊరికీ ఒకటే. అంబేద్కర్ జయంతి బండిని ఆపి, మరో ఊరేగింపును వదిలేస్తే తేదీ, సమయం రాసిపెట్టుకోండి. వివక్షను రుజువు చేసేది అలాంటి రాతే.

పాట: కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. రాయల్టీ ఎంతో అందులో రాయాలి. ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే పరిమితం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. 2012 సవరణ తర్వాత పాట రాసినవాళ్ళూ, స్వరం కట్టినవాళ్ళూ తమకు రావాల్సిన రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకోవడం కుదరదు. ‘పాట మొత్తం అమ్మేశాను’ అని కాగితం రాసిచ్చినా ఆ వాటా పోదు. సొంతంగా దరువు కట్టే డీజేకి కూడా ఇది వర్తిస్తుంది. సినిమా పాటను అనుమతి లేకుండా మిక్స్ చేస్తే మాత్రం దాని మీద హక్కు రాదు.

దాచుకోవాల్సినవి

నకుల్స్ చనిపోయాక ఆయన రికార్డులు, 5,000కి పైగా, షికాగో దక్షిణ భాగంలోని స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంక్‌కు చేరాయి. పాడుబడ్డ పాత బ్యాంకు భవనాన్ని కళాకారుడు థియాస్టర్ గేట్స్ 2015లో గ్రంథాలయంగా, ప్రదర్శనశాలగా తెరిచారు. నల్లవాడకు చెందిన వస్తువులు నల్లవాడలోనే ఉన్నాయి. విద్యార్థులు వెళ్ళి చూడొచ్చు, వినొచ్చు.

కోనసీమ పేటల్లో అలాంటి గది ఇంకా కట్టుకోవాలి. ముందుగా కావలసింది గది కూడా కాదు, ఒక నోటుపుస్తకం, ఒక ఫోను. డప్పు కొట్టిన పెద్దాయన ఏ దరువుకు ఏ పేరు చెబుతాడో రికార్డు చెయ్యాలి. పాత అంబేద్కర్ పాటల క్యాసెట్ల మీది పేర్లు రాసుకోవాలి. డీజే బండి నడిపే కుర్రాడు కట్టిన సొంత దరువు ఏ రోజు చేశాడో, ఎవరు తోడున్నారో రాసిపెట్టాలి. ముప్పై అయిదేళ్ళ తర్వాత లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్‌లకు తమ పాటలు తిరిగి దక్కడానికి అలాంటి ఆధారాలే పనికొచ్చాయి. వేసవి సెలవులకు ఐనవిల్లి వచ్చే డిగ్రీ విద్యార్థి ఎవరైనా ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు.